చిన్న శిక్షణ విమానాల్లో హార్డ్ ల్యాండింగ్: ఎందుకు జరుగుతుంది, ఏం విరుగుతుంది, తర్వాత ఏం చూడాలి?

కృష్ణాతీరం (మిర్యాలగూడ):
సభ్యులందరికీ నమస్కారం. మా అబ్బాయి కమర్షియల్ పైలట్ లైసెన్సు కోసం వేరే రాష్ట్రంలోని ఒక సంస్థలో శిక్షణ పొందుతున్నాడు. ఇటీవల అక్కడ ఒక విద్యార్థి ఒంటరిగా నడుపుతున్న సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానం రన్‌వేను బలంగా తాకి, పైకెగిరి మళ్ళీ పడి, చివరకు ముందు చక్రం విరిగి ముక్కు మీద ఆగిందట. ఆ పిల్లవాడికి ఏమీ కాలేదు. అయినా ఈ సంగతి విన్నప్పటి నుంచి వాళ్ళమ్మ నిద్రపోవడం లేదు. 2022 ఫిబ్రవరిలో మన పెద్దవూర మండలం తుంగతుర్తి పొలాల్లో శిక్షణ విమానం కూలి, అందులోని యువతి మరణించిన ఘటనను మా ప్రాంతం వాళ్ళెవరూ మరిచిపోలేదు. ఇది కూడా అటువంటిదేనా? విమానం చక్రాలు అంత బలహీనంగా ఉంటాయా? లేక నేర్పడంలోనే లోపం ఉంటుందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

నింగిదారి (ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్, స్వస్థలం వనపర్తి):
అన్నగారూ, మొదట ఈ రెండింటినీ విడదీసి చూడాలి. తుంగతుర్తిలో విమానం రన్‌వేకు దూరంగా పొలాల్లో కూలింది. మీరు చెబుతున్నది రన్‌వే మీద, దిగే చివరి కొన్ని సెకన్లలో జరిగినది. ప్రమాదాల వర్గీకరణలో కూడా ‘రన్‌వేను అసాధారణంగా తాకడం’ అని దీనికి వేరే పద్దు ఉంది. ఈ పద్దులో విమానాలు తరచుగా దెబ్బతింటాయి గానీ, ప్రాణాలు పోవడం అరుదు. ఈ మాట వదినగారికి చెప్పండి.

ఇక కారణం. చక్రాలు తాకిన క్షణాన్ని అందరూ చూస్తారు. అసలు తప్పు అంతకు చాలా ముందే, విమానం రన్‌వే వైపు తిరిగి దిగడం మొదలుపెట్టినప్పుడే జరిగి ఉంటుంది. సెస్నా 172 ఎస్ రకంలో ఫ్లాప్స్ (రెక్కల వెనుక అంచున ఉండే పలకలు) పూర్తిగా దించి మామూలుగా దిగేటప్పుడు 60 నుంచి 70 నాట్ల (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కి.మీ.) మధ్య, చిన్న రన్‌వే మీద అయితే 61 నాట్ల వేగంతో రావాలని తయారీదారు పుస్తకం చెబుతుంది. కొత్త విద్యార్థి భయం కొద్దీ 75 లేదా 80 నాట్లతో వస్తాడు. నేల దగ్గరకు వచ్చాక ముక్కును మెల్లగా ఎత్తి, దిగే వేగాన్ని చంపడాన్ని మేము ఫ్లేర్ అంటాము. వేగం ఎక్కువగా ఉన్న విమానానికి ఫ్లేర్ చేస్తే అది దిగదు, మళ్ళీ పైకి లేస్తుంది. పైకి లేచిన విమానం అక్కడే వేగం కోల్పోయి, రెక్కలు మోయలేని స్థితికి చేరి, ఒక్కసారిగా పడుతుంది. మొదటి రకం హార్డ్ ల్యాండింగ్ ఇది.

రెండో రకం మరింత ప్రమాదకరమైనది, మీ అబ్బాయి సంస్థలో జరిగినది బహుశా అదే. చక్రాలు గట్టిగా తాకి విమానం గెంతుతుంది. విద్యార్థి కంగారుపడి, దాన్ని నేలకు దించాలని యోక్‌ను (విమానం ముక్కును ఎత్తి దించే చేతి చక్రాన్ని) ముందుకు నెడతాడు. అప్పుడు ప్రధాన చక్రాలకు బదులు ముందు చక్రం మొదట తాకుతుంది, ముక్కు మళ్ళీ పైకి ఎగురుతుంది, అతడు మళ్ళీ నెడతాడు. అతడి చేతి కదలిక ప్రతిసారీ విమానం కదలికకు ఒక అడుగు వెనుకబడి ఉంటుంది కనుక ప్రతి గెంతూ మునుపటి కంటే పెద్దదవుతుంది. మూడో గెంతుకో నాలుగో గెంతుకో ముందు చక్రం విరిగిపోతుంది. మొదటి గెంతుతో విరిగే విమానాలు తక్కువ. దాన్ని సరిదిద్దబోయి విరగ్గొట్టేవే ఎక్కువ.

చిన్న గెంతు అయితే ముక్కును ఉన్న స్థితిలోనే పట్టుకుని, కొంచెం పవర్ ఇచ్చి మెత్తగా దిగవచ్చు. పెద్ద గెంతు అయితే ఆలోచించే పని లేదు: పూర్తి థ్రాటిల్, గో-అరౌండ్. దిగే ప్రయత్నాన్ని మానుకుని మళ్ళీ చుట్టు తిరిగి రావడంలో చిన్నతనం ఏమీ లేదు. అయితే మన పిల్లల్లో చాలామంది దాన్ని పరీక్షలో తప్పినట్టుగా భావిస్తారు. నేర్పేవారి మాట తీరు కూడా అందుకు కొంత కారణమే, ఆ సంగతి దాచడం దేనికి.

చలనసూత్రం (నల్గొండ, భౌతికశాస్త్ర అధ్యాపకుడు):
చక్రాల బలం గురించి మిర్యాలగూడ మిత్రుడు అడిగినదానికి లెక్కతో సమాధానం చెబుతాను. చిన్న విమానాలకు అమెరికా ప్రమాణాలు చాలా కాలం వాడిన సూత్రం ఒకటి ఉంది. రెక్క వైశాల్యంలో ప్రతి చదరపు అడుగు మీద పడే బరువును తీసుకుని, ఆ విమానం ఎంత నిలువు వేగంతో నేలను తాకినా తట్టుకోవాలో దానితో నిర్ణయిస్తారు. ఆ వేగం సెకనుకు 7 అడుగులకు తగ్గకూడదు, 10 అడుగులకు మించి అడగరు. సెస్నా 172 ఎస్ బరువు 2,550 పౌండ్లు, రెక్క వైశాల్యం 174 చదరపు అడుగులు అనుకుంటే, సూత్రం ప్రకారం సెకనుకు సుమారు 8.6 అడుగులు వస్తుంది. అంటే నిమిషానికి 500 అడుగుల పైచిలుకు.

విమానం అప్రోచ్‌లో, అంటే రన్‌వే వైపు దిగివచ్చేటప్పుడు, మామూలుగా దిగే వేగం కూడా దాదాపు అంతే ఉంటుందని గమనించండి. ఫ్లేర్ అసలే చేయకుండా నేలను తాకినా చక్రాలు తమ హద్దులోనో హద్దు అంచునో ఉంటాయి. కాబట్టి అవి బలహీనమైనవి కావు. అయితే అదే లెక్కను ఎత్తులోకి మారిస్తే మరో సంగతి తెలుస్తుంది. రెక్కలు మోయడం పూర్తిగా మానేసి విమానం రాయిలా పడితే, సెకనుకు 8.6 అడుగుల వేగం రావడానికి సుమారు 14 అంగుళాల ఎత్తు చాలు. అది మన పాత ఇళ్ళ ముందు ఉండే అరుగు ఎత్తు కంటే ఎక్కువేమీ కాదు. నిజానికి రెక్కలు ఒక్కసారిగా మోయడం మానవు, కొంత బరువును మోస్తూనే ఉంటాయి, కనుక కొంచెం ఎక్కువ ఎత్తు నుంచి పడినా తట్టుకోవచ్చు. అయినా పది అడుగుల ఎత్తులో వేగం పోగొట్టుకున్న విమానానికి ఏం జరుగుతుందో ఊహించుకోవడం కష్టం కాదు.

వేగం సంగతి కూడా చెప్పాలి. 61కి బదులు 71 నాట్లతో వస్తే పెరిగింది పది నాట్లే అనిపిస్తుంది, కానీ శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక వదిలించుకోవలసిన శక్తి 35 శాతం ఎక్కువ అవుతుంది. విమానం రన్‌వే మీద తేలుతూ పోవడానికీ, విద్యార్థి ఓపిక నశించి దాన్ని బలవంతంగా దించడానికీ మూలం అక్కడే ఉంది.

రెక్కలపిట్ట (కల్వకుర్తి, విద్యార్థి):
సార్, నాకు ఒక సందేహం. వేగం ఎక్కువైతే తప్పు అంటున్నారు. కానీ మా శిక్షకులు “గాలి బాగా లేనప్పుడు కొన్ని నాట్లు కలుపుకో” అని చెబుతారు. ఇంకొందరు తక్కువ వేగమే ప్రమాదమని భయపెడతారు. ఏది నమ్మాలి?

నింగిదారి:
రెండూ నిజమే తమ్ముడూ. గాలి జర్కులతో వీస్తున్నప్పుడు, మామూలు గాలికీ జర్కుకూ మధ్య ఎంత తేడా ఉందో అందులో సగం కలుపుకోవాలన్నది చాలామంది పాటించే పద్ధతి. గాలి 10 నాట్లు, జర్కు 18 నాట్లు అయితే కలపవలసింది 4 నాట్లు. ఇక్కడ చిక్కు ఎక్కడ వస్తుందంటే, శిక్షకుడు ఐదు కలపమంటాడు, విద్యార్థి తన ధైర్యం కోసం మరో ఐదు కలుపుకుంటాడు, రన్‌వే దగ్గరకు వచ్చేసరికి అది పదిహేను అవుతుంది.

తక్కువ వేగం ప్రమాదం వేరే తీరుగా ఉంటుంది. విమానం మరీ నెమ్మదిగా, ముక్కు పైకెత్తి వస్తున్నప్పుడు దాన్ని వెనక్కి లాగే గాలి ఈడ్పు విపరీతంగా పెరుగుతుంది. ఫ్లేర్ చేయడానికి మిగులు శక్తి ఉండదు. యోక్ లాగినా ముక్కు లేస్తుంది గానీ దిగడం ఆగదు, వెంటనే పవర్ ఇవ్వకపోతే అదే వేగంతో నేలకు కొడుతుంది. అందుకే అప్రోచ్ చివరి భాగంలో వేగం, దిగే కోణం స్థిరంగా లేకపోతే, ఎంత దగ్గరకు వచ్చినా సరే, మళ్ళీ చుట్టు తిరిగి రావాలని నేను నా విద్యార్థులకు చెబుతాను.

కంటిని మోసం చేసేది మరొకటి ఉంది. రోజూ వెడల్పైన రన్‌వే మీద అలవాటు పడినవాడు సన్నటి రన్‌వేకు వస్తే తాను చాలా ఎత్తులో ఉన్నానని భ్రమపడి, తక్కువ ఎత్తులో వచ్చి, ఫ్లేర్ ఆలస్యంగా చేస్తాడు. దీనికి తిరగబడినది కూడా జరుగుతుంది. బేగంపేటలో పెద్ద జెట్ విమానాల కోసం కట్టిన రన్‌వే ఉంది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయాక కూడా శిక్షణ విమానాలు దాన్ని వాడాయి. సన్నటి రన్‌వే నుంచి అటువంటి చోటికి వచ్చిన విద్యార్థి నేల దగ్గరకొచ్చిందనుకుని పైనే ఫ్లేర్ చేసేస్తాడు.

చలనసూత్రం:
మన ప్రాంతపు ఎండను కూడా లెక్కలోకి తీసుకోవాలి. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 12 డిగ్రీలకు కొంచెం తక్కువ. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు ఉన్నప్పుడు అక్కడి గాలి ఎంత పలచబడుతుందంటే, విమానానికి తాను సుమారు 5,200 అడుగుల ఎత్తులో ఉన్నట్టు అవుతుంది. వేగం చూపే గడియారంలో అదే 61 నాట్లు కనిపించినా, నిజంగా గాలిలో పోయే వేగం 66 నాట్ల వరకు ఉంటుంది. అదే కోణంలో దిగుతున్నా నిలువు వేగం కూడా ఆ నిష్పత్తిలోనే పెరుగుతుంది. పైగా టర్బో లేని ఇంజిన్ శక్తి దాదాపు ఆరో వంతు తగ్గిపోతుంది, కనుక గో-అరౌండ్ చేయాలనుకున్నవాడికి విమానం బద్ధకంగా అనిపిస్తుంది. ఆ నిర్ణయం చలికాలం కంటే ముందుగా తీసుకోవాలి.

నింగిదారి:
అధ్యాపకులవారు చెప్పినదానికి ఒక్కటి జోడిస్తాను. మన జిల్లాల్లో తరి, చెలక, బండ గుట్టలు పక్కపక్కనే ఉంటాయి. ఎండకు కాగిన బండల మీద గాలి పైకి లేస్తుంది, నీళ్ళు పెట్టిన వరి మడుల మీద దిగుతుంది. రన్‌వేకు ముందు అటువంటి నేల ఉంటే, ఒకే కోణంలో దిగుతున్న విమానం ఒక నిమిషంలోపే లేచి, మళ్ళీ కుంగుతుంది. కొత్తవాడు లేచినప్పుడు పవర్ తీసేస్తాడు. కుంగేటప్పుడు తిరిగి ఇవ్వడం మరిచిపోతాడు. అందుకే ఎండాకాలంలో మొదటి సోలోలను (విద్యార్థి ఒంటరిగా ఎగరడాన్ని) తెల్లవారుజామునే చేయించడం మంచిది.

పాలమూరు స్పానర్ (మహబూబ్‌నగర్, విశ్రాంత విమాన నిర్వహణ ఇంజినీరు):
ఇంతవరకు అందరూ దిగడం గురించే మాట్లాడారు. దిగిన తర్వాత సంగతి నేను చెబుతాను, ఎందుకంటే అసలు పీడ అక్కడ దాగి ఉంటుంది.

సెస్నా 172 ప్రధాన చక్రాల కాళ్ళు ఉక్కుతో చేసినవి, స్ప్రింగులాగా విచ్చుకుని మళ్ళీ స్వస్థానానికి వస్తాయి. అవి చాలా మొండివి, ఎన్నో దెబ్బలు తింటాయి. ముందు చక్రం అటువంటిది కాదు. దానికి నూనె, గాలి నింపిన స్ట్రట్ (కుదుపును మింగే గొట్టం) ఉంటుంది. ఆ స్ట్రట్‌ను ఇంజిన్‌కూ పైలట్ కాళ్ళకూ మధ్య ఉండే ఫైర్‌వాల్ రేకుకు బిగిస్తారు. విమానం ముక్కు మీద దిగితే ఆ దెబ్బంతా పలుచని ఫైర్‌వాల్ మీదకు పోతుంది. చక్రం విరగకపోయినా రేకు మడత పడవచ్చు. బయటి నుంచి చూస్తే ఏమీ కనిపించదు. కౌలింగ్ (ఇంజిన్ మీది కప్పు) విప్పి, లోపల పెడల్స్ దగ్గర తల దూర్చి, లైటు వేసి చూస్తేనే ముడతలు, వదులైన రివెట్లు బయటపడతాయి. కొన్నిసార్లు పెడల్ కదలిక బిగుసుకోవడం మొదటి ఆనవాలు అవుతుంది.

హార్డ్ ల్యాండింగ్ జరిగిందని పైలట్ రాస్తే, నిర్వహణ పుస్తకంలో దానికి ప్రత్యేకమైన తనిఖీ ఉంటుంది. ప్రధాన కాళ్ళు శరీరానికి బిగించిన చోట బల్క్‌హెడ్ (శరీరపు అడ్డు చట్రం), అక్కడి బోల్టులు, శరీరపు అడుగు రేకులో ముడతలు, తలుపులు సరిగా పడుతున్నాయా లేదా, టైర్లు, చక్రపు అంచులు, బ్రేకు గొట్టాలు, ఇంజిన్ మౌంటు గొట్టాలలో వంపులు, వెల్డింగుల దగ్గర పగుళ్ళు, ఇవన్నీ చూడాలి. పైపర్ వంటి దిగువ రెక్కల విమానాలలో ప్రధాన చక్రాలు రెక్కకే బిగించి ఉంటాయి, కనుక చూడవలసింది రెక్క స్పార్‌ను (రెక్క లోపలి ప్రధాన దూలాన్ని).

ప్రొపెల్లర్ నేలను తాకితే కథ వేరు. కొసలు వంగినంత మాత్రాన ప్రొపెల్లర్ మార్చేసి ఎగరవచ్చని అనుకునేవారున్నారు. అది ప్రాణాంతకమైన పొదుపు. తిరుగుతున్న ప్రొపెల్లర్‌ను నేల ఆపినప్పుడు ఆ కుదుపు క్రాంక్‌షాఫ్ట్ (ఇంజిన్ ప్రధాన ఇరుసు) మొత్తానికి, దాని వెనుక కొసన ఉన్న గేరు వరకు పోతుంది. ఆ గేరు తెగితే కవాటాలను నడిపే కామ్‌షాఫ్ట్, నిప్పురవ్వనిచ్చే మాగ్నెటోలు అన్నీ ఆగి, గాలిలో ఇంజిన్ ఉన్నపళాన చస్తుంది. ఇటువంటి దెబ్బ తర్వాత ఏం చేయాలో ఇంజిన్లు తయారుచేసే లైకమింగ్ సంస్థ 533 సంఖ్య గల సర్వీసు బులెటిన్‌లో చెప్పింది. ఇంజిన్ విప్పి చూడకుండా తిరిగి ఎగరనివ్వడానికి నా చేయి సంతకం పెట్టదు.

ఇక నేను గట్టిగా చెప్పదలచిన మాట: రాయని హార్డ్ ల్యాండింగ్ రాసినదాని కంటే చెడ్డది. పిల్లవాడు తిట్లు పడతాయని దాచిపెడతాడు, సాయంత్రం అదే విమానాన్ని మరొకడు తీసుకుంటాడు. మడత పడిన రేకు రెండోవాడి మామూలు ల్యాండింగ్‌కే లొంగిపోతుంది, అప్పుడు నేరం వాడి నెత్తిన పడుతుంది.

కోదాడ బాబాయి:
రెండు సీట్ల శిక్షణ విమానాలైన సెస్నా 152ల తయారీ 1985లోనే ఆగిపోయింది. నలభై ఏళ్ళ పాత విమానాలలో పిల్లలను పంపితే విరగకేం చేస్తాయి? కొత్తవి కొంటే ఈ గొడవ ఉండదు కదా.

పాలమూరు స్పానర్:
బాబాయి గారూ, వయసు ఒక్కటే చూడకండి. సరిగా చూసుకున్న పాత 152, సరిగా చూసుకోని కొత్త విమానం కంటే నయం. లోహపు అలసట నిజమే, దాన్ని కాదనను. 2018 ఏప్రిల్‌లో అమెరికాలోని డేటోనా బీచ్‌లో ఒక పైపర్ శిక్షణ విమానం ఎడమ రెక్క గాలిలోనే ఊడి ఇద్దరు మరణించారు. స్పార్‌లో అలసట వల్ల పగుళ్ళు ఏర్పడ్డాయని విచారణలో తేలింది. విశేషం ఏమిటంటే ఆ విమానం పాతది కాదు, శిక్షణలో ఎడతెగకుండా వాడినది. చూడవలసింది క్యాలెండరును కాదు; ఎన్ని గంటలు ఎగిరింది, ఎన్నిసార్లు దిగింది, ఎలా దిగింది అన్నవి.

ఎముకలవైద్యం (నల్గొండ):
మనుషుల తనిఖీ గురించి కూడా ఒకరు చెప్పాలి కనుక రాస్తున్నాను. ఇటువంటి దెబ్బ నిలువుగా, కూర్చున్నవారి నడుము మీదుగా పైకి పోతుంది. వెన్నెముకలో ఛాతీ భాగం ముగిసి నడుము భాగం మొదలయ్యే చోట, అంటే టి12, ఎల్1 పూసల దగ్గర, ఒత్తిడి వల్ల పూస ముందు భాగం నలిగిపోవడం సాధారణం. చిక్కు ఏమిటంటే, ఇలా నలిగిన మనిషి చాలాసార్లు తనంతట తానే లేచి నడిచి వస్తాడు, కండరం పట్టిందనుకుని మాత్ర వేసుకుని పడుకుంటాడు. మామూలు ఎక్స్‌రేలో చిన్న నలుగుడు తప్పిపోవచ్చు. వెన్ను మధ్యలో వేలితో తట్టితే నొప్పి ఉన్నా, కాళ్ళలో తిమ్మిరి ఉన్నా, మూత్రం పోయడంలో తేడా ఉన్నా ఆలస్యం చేయకుండా సీటీ లేదా ఎంఆర్ఐ చేయించాలి. వెన్నుకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే విమానం నుంచి మనిషిని గుంజి బయటికి లాగకూడదు. మంటలు వచ్చే ప్రమాదం ఉంటే మాత్రం వేరే ఆలోచన వద్దు, బయటికి తీయవలసిందే.

సీట్ల విషయంలో 1988లో అమెరికా ప్రమాణాలు మారాయి. ఆ తర్వాత కొత్తగా ఆమోదం పొందే చిన్న విమానాల సీట్లను బొమ్మ మనిషిని కూర్చోబెట్టి పరీక్షించి, నడుము పూసల మీద 1,500 పౌండ్లకు మించి ఒత్తిడి పడకుండా చూడాలి. అంతకు ముందు నాటి నమూనాలకు ఈ నియమం లేదు. అందులో కూర్చునేవారు వీపును సీటుకు పూర్తిగా ఆనించి, భుజాల బెల్టు బిగించుకోవడం కనీస జాగ్రత్త. ముందుకు వంగి రన్‌వేను చూసే అలవాటు ఉన్నవారికి పూస నలిగే అవకాశం పెరుగుతుంది.

మన జిల్లా సంగతి ఒకటి. ఫ్లోరోసిస్ పీడిత గ్రామాలలో పెరిగినవారి ఎముక ఎక్స్‌రేలో దట్టంగా కనిపించినా పెళుసుగా ఉండవచ్చు. ఈ తరం పిల్లలలో అది చాలా తగ్గింది గానీ, ఆ గ్రామాల నుంచి శిక్షణకు వెళ్ళేవారు వైద్య పరీక్షలో ఆ మాట చెప్పడం మంచిది.

రెక్కలపిట్ట:
పారాచూట్ ఉన్న విమానాలు వచ్చాయి కదా సార్, అవి అయితే ఈ బాధ తప్పుతుందా?

చలనసూత్రం:
తప్పదు. సిరస్ విమానం పారాచూట్ కింద దిగే వేగం నిమిషానికి 1,700 అడుగుల దగ్గర ఉంటుంది. అది సుమారు పన్నెండు, పదమూడు అడుగుల ఎత్తు నుంచి పడినట్టు. చక్రాలు, సీట్లు నలిగి ఆ దెబ్బను తీసుకునేలా కట్టారు కనుక మనుషులు బతుకుతారు, విమానం మాత్రం బాగా దెబ్బతింటుంది. పారాచూట్ తెరుచుకోవడానికి వందల అడుగుల ఎత్తు కావాలి. ఫ్లేర్‌లో జరిగే తప్పుకు అది పనికిరాదు.

కృష్ణాతీరం:
అందరికీ ధన్యవాదాలు. వాళ్ళమ్మకు చదివి వినిపించాను, కొంత ఊరట కలిగింది. ఇంకొక ప్రశ్న. ఇటువంటివి జరిగినప్పుడు ప్రభుత్వానికి తెలుస్తుందా, లేక సంస్థ లోపలే ముగిసిపోతుందా? అబ్బాయి పేరు మీద మచ్చ పడుతుందని దాచమని ఎవరైనా చెబితే ఏం చేయాలి?

నింగిదారి:
అంతర్జాతీయ నిర్వచనం ప్రకారం మనిషికి తీవ్రమైన గాయం అయినా, విమాన నిర్మాణానికి పెద్ద మరమ్మతు అవసరమయ్యేంత నష్టం జరిగినా అది ప్రమాదం. చేతి వేళ్ళు, కాలి వేళ్ళు, ముక్కు తప్ప మరే ఎముక విరిగినా తీవ్ర గాయమే, కనుక డాక్టరుగారు చెప్పిన పూస నలుగుడు కూడా అందులోకి వస్తుంది. నష్టం టైర్లకో బ్రేకులకో ప్రొపెల్లర్‌కో మాత్రమే పరిమితమైతే ప్రమాదం కింద లెక్కించరు, కానీ అది కూడా ఘటనగా తెలియజేయదగినదే. మన దేశంలో విచారణ కోసం 2012లో విమాన ప్రమాదాల పరిశోధన సంస్థ ఏర్పడింది. చిన్నచిన్న ఘటనలను పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చూస్తుంది. ముందు చక్రం విరిగి ముక్కు మీద ఆగిన విమానాన్ని ఎవరూ దాచలేరు.

దాచగలిగేది విరగనిదాన్ని. అబ్బాయికి చెప్పండి: గట్టిగా దిగిందన్న అనుమానం వచ్చిన వెంటనే, ఎవరూ అడగకముందే టెక్ లాగ్‌లో (విమానపు రికార్డు పుస్తకంలో) రాయాలి, శిక్షకుడికి నోటితో కూడా చెప్పాలి. దానికి శిక్ష వేసే సంస్థ ఉంటే, ఆ సంస్థలో ఉండాలా వద్దా అని ఆలోచించవలసింది మీరు. తల్లిదండ్రులుగా మీరు వెళ్ళినప్పుడు, గడచిన నెలల్లో హార్డ్ ల్యాండింగ్ తనిఖీలు ఎన్ని చేశారని అడగండి. ఒక్కటీ లేదని గర్వంగా చెబితే నేను నమ్మను. విద్యార్థులు నేర్చుకునే చోట అవి ఉండి తీరుతాయి.

రెక్కలపిట్ట:
ఇంజినీరు గారికి చివరిగా ఒక ప్రశ్న. మా విమానంలో దిగాక ముందు చక్రం గడగడ వణుకుతోంది. పరుగు తగ్గాక ఆగిపోతుంది. హార్డ్ ల్యాండింగ్ ఏదీ నమోదు కాలేదు. పట్టించుకోవాలా?

పాలమూరు స్పానర్:
పట్టించుకోవాలి. టైరులో గాలి తేడా, చక్రం సమతూకం తప్పడం, వణుకును అణిచే షిమ్మీ డాంపర్‌లో నూనె తగ్గడం, స్ట్రట్ పై, కింది భాగాలను కలిపే టార్క్ లింకుల బుషింగులు అరిగిపోవడం, వీటిలో ఏదైనా కావచ్చు. ఇవి వాడకంలో సహజంగానే వస్తాయి. కానీ వణుకు కొత్తగా మొదలైందంటే, అంతకు ముందు ఆ విమానాన్ని నడిపినవారు ముక్కు మీద దింపి ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేము. దిగిన తర్వాత యోక్‌ను వెనక్కి పట్టి ముందు చక్రం మీద భారం తగ్గించు. ఏ వేగంలో మొదలైంది, ఏ వేగంలో ఆగింది, బ్రేకు వేసినప్పుడు పెరిగిందా అన్నవి టెక్ లాగ్‌లో రాయి. కౌలింగ్ విప్పి, ఫైర్‌వాల్ అడుగు భాగం, స్ట్రట్ బిగింపులు చూడమని మీ ఇంజినీరును అడుగు. చూసేవరకు ఆ విమానం తీసుకోకు.